పాత రంపం, కొత్త తాడు

ఉద్దానంలో అక్టోబరు వస్తే ఆకాశం చూడని రైతు ఉండడు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు చివర్లోనే కళింగపట్నం దగ్గర తీరం దాటింది. వీటన్నిటిలో మన జిల్లా రైతు మర్చిపోలేనిది తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. తెల్లారి లేచి చూసేసరికి కవిటి, కంచిలి, సోంపేటల్లో కొబ్బరి, వజ్రపుకొత్తూరు, మందస, పలాసల్లో జీడి నేలమీద ఉన్నాయి.

ఆ రోజుల గురించి ఈ పత్రికలో చాలాసార్లు రాశాం. పరిహారం గురించి, కొబ్బరి చెట్టుకి 1,500 రూపాయలు ఏ మూలకి సరిపోతుందని, తర్వాత దాన్ని 3,000కి పెంచుతామన్న ప్రకటన గురించి రాశాం. రాయనిది ఒకటుంది. పడిపోయిన చెట్టుని తోటలోంచి ఎవరు తీశారు, ఎంతకి తీశారు?

గాలివాన వెళ్ళిన మర్నాటి నుంచి ఊళ్ళోకి రెండు రకాల మనుషులు వచ్చారు. ఒకరు లెక్కలు రాసుకునే వాళ్ళు. రెండో వాళ్ళు కటింగ్ మిషన్లు భుజాన వేసుకుని, వెనకాల ట్రాక్టరు పెట్టుకుని వచ్చినవాళ్ళు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, తోటలోకి అడుగు పెట్టడానికి దారి లేదు. అలాంటి సమయంలో వాళ్ళు చెప్పిందే రేటు. చాలామంది రైతులు "మాను మీరే పట్టుకుపోండి, తోట ఖాళీ చేస్తే చాలు" అనేశారు. కొందరు మాను ఇచ్చి, పైన డబ్బు కూడా ఇచ్చారు. పరిహారం చెట్టు లెక్కన వచ్చింది కానీ మాను తీయించిన ఖర్చు రైతే భరించాడు. అదీ చేయలేనివాళ్ళు మానుల్ని తోటలోనే వదిలేశారు.

వదిలేసిన మాను ఊరికే కుళ్ళిపోదు. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది కుళ్ళుతున్న కొబ్బరి మానులోనూ పెంటకుప్పలోనూ. నాలుగైదు నెలలు తిరిగేసరికి అదే తోటలో, బతికిన చెట్ల మొవ్వుల్ని అది తొలవడం మొదలుపెడుతుంది. అది చేసిన గాయాల వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది. గాలి కూల్చని చెట్టుని పురుగు కూలుస్తుంది. మాను తీయడం తోట అందం కోసం చేసే పని అనుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలి.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, ఈ మధ్య మన సభ్యుల ఇళ్ళలోని కుర్రాళ్ళు కొందరు ఇదే పనిని బతుకుదెరువుగా పెట్టుకుంటున్నారు. హైదరాబాదు, చెన్నై, గల్ఫ్ తిరిగి వచ్చినవాళ్ళు వాళ్ళు. తలా ఇంత వేసుకుని ఒక పాత పెట్రోల్ రంపం, రెండు చేతి రంపాలు, తాళ్ళు కొనుక్కుని చెట్లు కొట్టడం, కొమ్మలు దించడం, ముసలి జీడి తోటల్ని తిరగనరికి కొత్త చిగురు వేయించడం చేస్తున్నారు. వాళ్ళతో కూర్చుని మాట్లాడాం, వాళ్ళు పని చేసే తోటలకి వెళ్ళి చూశాం. వాళ్ళ పని రైతుకి ఎంత అవసరమో అర్థమైంది. వాళ్ళు ఎంత ప్రమాదంలో ఉన్నారో కూడా అర్థమైంది.

ముందు డబ్బు లెక్క చూద్దాం. పేరున్న కంపెనీ కొత్త రంపం ముప్ఫై వేల పైమాటే. ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వేలకి చైనా రంపాలు దొరుకుతున్నాయి. ఆరు నెలల్లో వాటికి విడిభాగాలు దొరక్క మూలపడ్డవి మేమే నాలుగైదు చూశాం. మన కుర్రాళ్ళు మూడో దారి పట్టారు. కంపెనీ రంపమే, కానీ నాలుగైదేళ్ళు వాడినది, పన్నెండు పదిహేను వేలకి కొనడం. బ్యాంకు దగ్గరికి వెళ్తే పాత సామానుకి కొటేషన్ ఎవరిస్తారని అడిగారట. ముద్ర పథకంలో శిశు కింద 50,000 దాకా అప్పు ఇవ్వొచ్చని పోస్టరు అదే గోడ మీద ఉంది. సబ్సిడీ కావాలంటే డీలరు దగ్గర కొత్తదే కొనాలి. పేదవాడు కొనగలిగేది పాతది, ప్రభుత్వం సాయం చేసేది కొత్తదానికి. చివరికి వాళ్ళు డ్వాక్రా సంఘంలో అమ్మల పేరు మీద అప్పు తీసుకున్నారు.

రోజు ఖర్చు కూడా వాళ్ళే చెప్పారు. యాభై సీసీ రంపం గట్టి మాను కోస్తుంటే గంటకి సుమారు లీటరు పెట్రోలు తాగుతుంది. అందులో కలిపే టూటీ ఆయిల్, గొలుసు మీద పోసే ఆయిల్ విడిగా. రోజుకి నాలుగు గంటలు మిషన్ నడిస్తే నూనెలకే ఆరు ఏడు వందలు పోతాయి. కొబ్బరి మాను పైపొర ఇనుములా ఉంటుంది, పైగా మన ఇసుక నేలల్లో పడిన మానుకి ఇసుక పట్టి ఉంటుంది. గొలుసు పదును గంటకోసారి పోతుంది. ముగ్గురు మనుషుల కూలి కలిపితే, రోజుకి మూడు వేలు లోపు వస్తే ఇంట్లోంచి పెట్టుకోవాల్సిందే. చెట్టుకి మూడొందలకి ఒప్పుకుని రోజుకి ఎనిమిది చెట్లు కొట్టిన వాడు నష్టపోయాడు, ఆ సంగతి అతనికి నెలాఖరుకి గానీ తెలియలేదు. రేటు ఎక్కువ చెప్పారని రైతులు మా దగ్గరికి వచ్చినప్పుడు ఈ లెక్కే చూపిస్తున్నాం.

పాత రంపం కొనే తమ్ముళ్ళకి, వాళ్ళ అనుభవంలోంచే నాలుగు మాటలు. అమ్మేవాడు ముందే స్టార్టు చేసి ఉంచితే కొనకండి. చల్లారాక మళ్ళీ రమ్మంటే వస్తానని చెప్పండి. చల్లటి మిషన్ ఎన్ని లాగుళ్ళకి అందుకుంటుందో అదే దాని ఆరోగ్యం. స్టార్టరు తాడు మెల్లగా లాగి చూడండి, లోపల గట్టిగా ఎదురు పట్టాలి. తాడు నీళ్ళలోంచి వచ్చినట్టు తేలిగ్గా వస్తే కంప్రెషన్ పోయినట్టే. రెండు బోల్టులు విప్పితే సైలెన్సర్ ఊడుతుంది, ఆ కన్నంలోంచి పిస్టన్ కనపడుతుంది. నున్నగా ఉంటే మంచిది, నిలువు గీతలు పడి ఉంటే ఎవడో ఆయిల్ కలపకుండా నడిపాడు. అది ఊరికే ఇచ్చినా వద్దు. బారు అంచులు వేలితో తడిమి చూడాలి, గొలుసు తిప్పే పళ్ళ చక్రం ఎంత అరిగిందో చూడాలి. అవి మార్చుకోవచ్చు, ధర తగ్గించమని అడగొచ్చు. చేతి ముందుండే చైన్ బ్రేకు పని చేయకపోతే మాత్రం బేరమే వద్దు. మెకానిక్‌తో చేయించి చూపించమనండి. రంపం ముక్కు కొన మానుకి తగిలితే బారు ఒక్క క్షణంలో మొహం మీదికి ఎగురుతుంది. అప్పుడు గొలుసుని ఆపేది ఆ బ్రేకే.

ఇనుప సామాను ఏదైనా పాతది కొనొచ్చు. గొడ్డలి, మేకులు, కప్పీ, జాకీ, ట్రాలీ, ఏదైనా సరే. తాడు, నడుం బెల్టు, హెల్మెట్ మాత్రం పాతవి కొనకూడదు. తాడు లోపల ఎక్కడ తెగిందో, ఎండకి ఎంత పుచ్చిందో, ఎవరు ట్రాక్టరు లాగడానికి వాడారో పైకి కనపడదు. కొబ్బరి నార తాడు మీద మనిషి బరువు వేలాడదీయడం మన తాతల కాలపు అలవాటు, వాళ్ళలో పడ్డవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. తాడుకి పెట్టే డబ్బు దండగ అని ఒక కుర్రాడు మాతో వాదించాడు. అతని అన్న తాడు తెగి పడి, ఇప్పటికీ కుంటుతూ నడుస్తున్నాడు. అన్నే పక్కన కూర్చుని "నా మాట వినడు, మీరైనా చెప్పండి" అన్నాడు.

ఇక పని సంగతి. చెట్టు పడగొట్టడానికీ, చెట్టుకి వైద్యం చేయడానికీ తేడా ఉంది. ఈ రెండోది నేర్చుకున్నవాడికి ఏడాది పొడుగునా పని ఉంటుంది. గాలివాన కోసం ఎదురు చూడక్కర్లేదు.

పెద్ద కొమ్మని పైనుంచి ఒకే కోతలో కోస్తే సగంలో విరిగి, కాండం మీద బెరడు ఒక మూర చీల్చుకుంటూ పోతుంది. ఆ చీలికలోంచే పురుగూ తెగులూ దిగుతాయి. కాబట్టి ముందు కింద నుంచి ఒక గాటు, దానికి జానెడు అవతల పైనుంచి కోత, కొమ్మ పడిపోయాక మిగిలిన మోడుని మొదట్లో కోత. కొమ్మ కాండాన్ని కలిసే చోట మెడలా కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ మెడని ఉంచి కోయాలి, నున్నగా ఉంటుందని కాండానికి ఆనించి కోయకూడదు. ఆ మెడలోంచే చెట్టు గాయాన్ని మూసుకుంటుంది. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. రెండూ విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి తర్వాత ఒకటి చేయాలి. ఇనుప బకెట్టు వద్దు.

మన జిల్లాలో జీడి తోటలు చాలావరకు గింజ నాటి పెంచినవి, ముసలివి. కొమ్మలు ఒకదాని మీద ఒకటి కమ్ముకుని, లోపలికి ఎండ పడక, అంచుల్లోనే నాలుగు గింజలు కాస్తాయి. కోత అయిపోయాక అడ్డకొమ్మలు, ఎండుకొమ్మలు తీసి నడిమధ్యకి వెలుతురు రానిస్తే తేడా రెండో ఏటికే తెలుస్తుంది. విజయనగరం వైపు సువర్ణరేఖ మామిడి తోటల్లోనూ కాయ కోత అవగానే, జూన్, జూలైల్లో, ఇదే పని. మరీ దిగుబడి లేని జీడి చెట్టుని నడుం ఎత్తులో నరికి, వచ్చిన చిగుళ్ళకి బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ-8 లాంటి రకం అంటు కట్టడం ఇంకో పద్ధతి. ఇది అందరికీ చెప్పే మాట కాదు. బాగా ముదిరిన చెట్టు నరికితే మళ్ళీ చిగురించకపోవచ్చు. నరికిన మోడుని కాండం తొలిచే పురుగు ఇష్టపడుతుంది, రెండేళ్ళ పాటు మొదలు దగ్గర రంపపు పొట్టులా ఏమైనా రాలుతోందా అని చూస్తూ ఉండాలి. అంత ఓపిక లేని రైతు ఆ జోలికి పోకుండా కొమ్మ కత్తిరింపుతో ఆగిపోవడం మేలు. ఒక ఎకరాలో నాలుగు చెట్లు చేసి చూసి, బతికాక మిగతావి చేయమని మా సలహా.

ఉద్యాన మిషన్ 2014 మార్గదర్శకాల్లో ముసలి తోటల పునరుద్ధరణకి హెక్టారుకి 40,000 ఖర్చు లెక్కగట్టి, అందులో సగం, అంటే 20,000 దాకా, రెండు హెక్టార్ల వరకు ఇస్తామని రాశారు. ఈ పద్దు కింద డబ్బు తీసుకున్న రైతులు మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో ఒకసారి అడిగి చూడండి. దరఖాస్తు పెట్టాలంటే పట్టా కావాలి. కౌలుకి జీడి తోట చేస్తున్నవాడికి పునరుద్ధరణ మాట అటుంచి, కొమ్మ కొట్టడానికి కూడా యజమాని ఒప్పుకోడు.

ప్రమాదాల గురించి మొహమాటం లేకుండా రాయాలి. గాలికి పడిన చెట్టు నిలబడి ఉన్న చెట్టుకంటే చెడ్డది. వంగి దేనికో ఆని ఉన్న మానులో ఒకవైపు నొక్కుడు, ఒకవైపు లాగుడు ఉంటాయి. లాగుడు వైపు ముందు కోస్తే మాను నిలువునా చీలి మనిషి ఛాతీ మీదికి తన్నుతుంది. నొక్కుడు వైపు మూడో వంతు లోపు గాటు పెట్టి, తర్వాత రెండో వైపు నుంచి మెల్లగా రావాలి. వేళ్ళతో సహా లేచి పడిన చెట్టు మాను కోసేస్తే, ఆ వేరుముద్ద ఒక్కసారిగా వెనక్కి గోతిలోకి కూర్చుంటుంది. ఆ గోతిలో పిల్లలు ఆడుతూ ఉంటారు. కోసే ముందు చుట్టూ ఒకసారి తిరిగి రండి. కరెంటు తీగ మీద పడిన కొమ్మని ఈపీడీసీఎల్ లైన్‌మన్ వచ్చి లైను తీశానని చెప్పేదాకా ముట్టుకోవద్దు. "కరెంటు లేదుగా" అన్నమాట నమ్మొద్దు, ఎవరింట్లోనో జనరేటరు తిరుగుతూ ఉండొచ్చు. చెట్టెక్కి పెట్రోల్ రంపం ఒంటిచేత్తో పట్టుకునే సాహసం వద్దు. పైన చేతి రంపం చాలు, ఆలస్యమైతే కానీండి. జీడి కొమ్మ పెళుసు, కొబ్బరి ఎక్కిన ధైర్యం జీడి మీద పనికిరాదు. దాని రసం పడితే ఒళ్ళు కాలుతుంది, ఫుల్ చొక్కా వేసుకోండి.

గీత కార్మికుడు చెట్టు మీద నుంచి పడితే ఎక్స్‌గ్రేషియా అడగగలుగుతున్నాడంటే, వాళ్ళ సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడాయి. కొబ్బరి దింపు కార్మికులకి కొబ్బరి అభివృద్ధి బోర్డు కేర సురక్ష బీమా ఉంది, ప్రీమియంలో పెద్ద భాగం బోర్డే కడుతుంది. మన ఉద్దానంలో దింపు తీసేవాళ్ళలో దాని పేరు విన్నవాళ్ళే తక్కువ. చెట్టు కొట్టే వాడికి మాత్రం ఏ బోర్డూ లేదు. దింపు తీసే మనిషీ రంపం పట్టే మనిషీ చాలాసార్లు ఒక్కడే. రంపం చేతిలో ఉండగా పడితే బీమా వర్తించదంటారేమో, ఆ మాట ముందే తేల్చుకోవాలి. ఈలోపు కనీసం బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించుకోండి. ప్రమాదంలో ప్రాణం పోతే రెండు లక్షలు వస్తాయి. చాలదని మాకూ తెలుసు.

ఇంకో మాట సంఘం లోపల మాట్లాడుకోవాల్సింది. మిషన్ వచ్చాక గొడ్డలి కూలీలకి పని తగ్గింది. ఇద్దరు మనుషులు పూటంతా కొట్టే మాను పావుగంటలో తెగుతోంది. మా సభల్లో ఈ మాట లేచినప్పుడు కొందరు రైతులు "కూలి దొరకడం లేదు కాబట్టే మిషన్" అన్నారు, కూలీలు "మిషన్ వచ్చాకే కదా మమ్మల్ని పిలవడం మానేశారు" అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మేము చూసిన జట్లలో మంచివి, గొడ్డలి పట్టిన పాతమనిషిని కలుపుకున్నవే. చెట్టు ఎటు వాలుతుందో చూసి చెప్పడం మిషన్‌కి రాదు. ఒక జట్టులో అరవై ఏళ్ళ పెద్దాయన రంపం ముట్టుకోడు. చెట్టు చుట్టూ తిరిగి, గొడ్డలి మడమతో నాలుగుచోట్ల కొట్టి, లోపల డొల్ల ఎక్కడుందో చెబుతాడు. కుర్రాళ్ళతో సమానంగా వాటా ఇస్తున్నారు. కొమ్మా రెమ్మా మోపులు కట్టే ఆడవాళ్ళకి మాత్రం ఆ జట్టులోనూ సగం కూలే. అది తప్పని మొహం మీదే చెప్పి వచ్చాం.

రైతులు చేయాల్సింది ఏమిటంటే, మాను ఎవరిదో ముందు మాట్లాడుకోండి. కొట్టినందుకు కూలి వేరు, కలప ధర వేరు. రెండూ కలిపేసి "సరిపోయింది" అనుకున్నచోటే మోసం జరుగుతోంది. కొబ్బరి మాను వాసాలకి పనికొస్తుందా, జీడి పుల్ల బట్టీకి ఎంతకి పోతుందా అని పక్క ఊళ్ళో అడిగి తెలుసుకుని అప్పుడు ఒప్పుకోండి. గట్టు మీది చింత, వేప లాంటివి కొట్టే ముందు 2002 వాల్టా చట్టం ఉందని గుర్తుంచుకోండి. ఏ చెట్టుకి అనుమతి కావాలో, దేనికి మినహాయింపో అటవీ శాఖ ఆఫీసులో ముందు అడగండి. కేసు పడితే కొట్టినవాడి మిషన్ కూడా పోతుంది.

అధికారుల ముందు మేము పెట్టబోయేవి ఇవి. రైతు సేవా కేంద్రాల పరిధిలో అద్దెకిచ్చే యంత్రాలంటే ట్రాక్టర్లు, కోత మిషన్లేనా? తీర మండలాల్లో ప్రతి కేంద్రంలో రెండు రంపాలు, తాళ్ళు, హెల్మెట్లు ఉంచాలి. మెకానిక్ చూసి సర్టిఫికెట్ ఇచ్చిన పాత సామానుకీ శిశు అప్పు ఇవ్వాలి. కేర సురక్ష పేర్లు ఊరి సభల్లో నమోదు చేయాలి, రంపం పట్టిన పనికీ అది వర్తించాలి. తుపాను పరిహారంలో మాను తీసే ఖర్చు విడిగా చూపాలి. వానాకాలం ముందు కరెంటు లైన్ల కింద కొమ్మలు కొట్టే పని బయటి కాంట్రాక్టరుకి కాకుండా, శిక్షణ ఇచ్చి ఆ ఊరి జట్టుకే ఇవ్వాలి. పర్మిట్ ఉన్న లైన్‌మన్ దగ్గరుండాలన్న షరతుతోనే అడుగుతున్నాం.

మండల కమిటీలు ఈ నెలలో ఒక పని చేయాలి. మీ మండలంలో రంపాలున్న జట్లెన్ని, ఎవరి ఫోన్ నంబరు ఏది, గాలివాన వచ్చాక వాళ్ళు తీసుకునే రేటు ఎంత అన్నది ఇప్పుడే, ఆకాశం తేటగా ఉన్నప్పుడే, రైతులూ జట్లూ కూర్చుని రాసుకుని సంతకాలు పెట్టండి. చెట్టు లావుని బట్టి మూడు రేట్లు చాలు. ఆ కాగితం ఒకటి పంచాయతీ గోడ మీద అంటించండి, ఒకటి మాకు పంపండి. తాళ్ళు, హెల్మెట్లు అందరికీ కలిపి ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది కాబట్టి ఎన్ని కావాలో కూడా అదే కాగితం మీద రాయండి. కవిటి, వజ్రపుకొత్తూరు కమిటీలు ఇప్పటికే మొదలుపెట్టాయి, మిగతావాళ్ళు నెలాఖరులోగా పంపాలి.